కిటికీ గట్టు మీది గ్లాసు

మా నాయనమ్మ రోజంతా మా కతోలిక గుడి (చర్చి) గంటను బట్టి నడిచేది. పల్నాటి వైపు మా పల్లెలో ఉదయం ఆరు గంటలకు, మధ్యాహ్నం పన్నెండుకు, సాయంత్రం ఆరుకు ఉపదేశిగారు గంట కొట్టేవారు. ఆ గంట వినపడగానే ఆమె మిరపచేలో ఉన్నా, పొయ్యి ముందు ఉన్నా, చేతిలో పని అక్కడే ఆపి, కొంగు తలమీదికి లాక్కుని త్రికాల జపం చెప్పుకునేది. దేవదూత మరియమ్మకు మంగళవార్త తెలపడం, ఆ తల్లి తలవంచి ఒప్పుకోవడం, వాక్కు మానవుడై మన మధ్య నివసించడం అనే మూడు ఘట్టాలు, వాటి నడుమ మూడు మంగళవార్త జపాలు, చివర ఒక చిన్న ప్రార్థన, ఇంతే ఆ జపం. రెండు నిమిషాలు కూడా పట్టదు. కాని ఆ రెండు నిమిషాలు రోజుకు మూడుసార్లు రావడం వల్ల ఆమెకు దేవుడు ఆదివారానికి పరిమితమైన అతిథిగా కాక, ఇంట్లో తిరిగే పెద్దమనిషిగా ఉండేవాడని ఇప్పుడు నాకు అర్థమవుతోంది.

రాత్రి భోజనాలకు ముందు అందరం చాప మీద కూర్చుని జపమాల చెప్పేవాళ్ళం. జపమాల అయ్యాక, పాపాలకు పశ్చాత్తాపపడే ఉత్తమ మనస్తాప జపానికి ముందు, నాయనమ్మ కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చునేది. మేము పిల్లలం కదులుతుంటే, "పొద్దుటినుంచి ఏం చేశారో ఒకసారి చూసుకోండి, ఆయన చూస్తూనే ఉన్నాడు" అనేది. ఆ మాటలో బెదిరింపు ఉండేది కాదు. పొలం నుంచి వచ్చిన మనిషిని కాళ్ళు కడుక్కోమన్నంత మామూలుగా అనేది. ఆ మౌనం ఎందుకో ఆనాడు నాకు తెలియలేదు. నా విశ్వాస జీవితంలో నేను పోగొట్టుకున్నది ముఖ్యంగా ఆ మౌనాన్నేనని తెలుసుకోవడానికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

చదువు, ఉద్యోగం, పెళ్ళి, హైదరాబాదు కాపురం, ఇద్దరు పిల్లలు అన్నీ వరసగా వచ్చాయి. విశ్వాసం పోలేదు. ఆదివారం ఎనిమిదిన్నర పూజ (మాస్) తప్పేది కాదు, పిల్లలకు జ్ఞానస్నానం (బాప్తిస్మం), తొలి దివ్యసత్ప్రసాద స్వీకారం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పాన్ని మొదటిసారి అందుకోవడం) వేళకు జరిగాయి, హాలులో యేసు తిరుహృదయ పటం కింద చిన్న దీపం రాత్రీపగలూ వెలుగుతూనే ఉంది. ఏటా ఫిబ్రవరిలో 9, 10, 11 తేదీల్లో ఏదో ఒక రోజు వీలు చేసుకుని విజయవాడ వెళ్ళి, మరియమాత ఉత్సవానికి గుణదల కొండ ఎక్కేవాళ్ళం. కాని పూజ ముగిసి బండి ఎక్కగానే నేను మళ్ళీ లెక్కల విభాగంలో పని చేసే ఉద్యోగినిగా, ఇల్లు నడిపే ఇల్లాలిగా మారిపోయేదాన్ని. ఆదివారం నేను, సోమవారం నేను ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరు మనుషుల్లా బతికాం.

శ్రీసభ, అంటే కతోలిక సంఘం, మన మీద విధించే కనీస నియమాలు చాలా తక్కువ. ఆదివారాల్లోనూ, విధిగా ఆచరించవలసిన పండుగల్లోనూ పూజలో పాల్గొనాలి. ఘోరపాపాలు ఉంటే ఏడాదికి ఒక్కసారైనా పాపసంకీర్తనం చేయాలి, అంటే గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవాలి. ఏడాదికి ఒక్కసారైనా, వీలైతే పాస్క (ఈస్టర్) కాలంలో, సత్ప్రసాదం స్వీకరించాలి. తపస్కాలం మొదలయ్యే విభూది బుధవారం, పవిత్ర శుక్రవారం (గుడ్ ఫ్రైడే) ఉపవాసం ఉండాలి. వీటిని పాటిస్తే చాలునని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను. ఇవి పొలానికి వేసిన కంచె వంటివని, కంచె ఉన్నంత మాత్రాన పంట పండదని నాకు ఎవరూ చెప్పలేదు, లేదా చెప్పినప్పుడు నేను వినలేదు. ప్రపంచంలోని కతోలిక పీఠాధిపతులు (బిషప్పులు) సమావేశమైన 2వ వాటికన్ మహాసభ శ్రీసభను గురించి 1964 నవంబరు 21న వెలువరించిన పత్రం, పరిశుద్ధతకు పిలుపు గురువులకూ మఠవాసులకూ మాత్రమే కాక జ్ఞానస్నానం పొందిన ప్రతి ఒక్కరికీ అందిందని స్పష్టంగా చెప్పింది. కుటుంబాన్ని గృహ శ్రీసభ అన్నది కూడా ఆ పత్రమే. ఆ మాట పెళ్ళి ప్రసంగాల్లో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మా ఇంటి వంటగది కూడా ఆ శ్రీసభలో భాగమేనని మాత్రం నాకు తట్టలేదు.

మూడేళ్ళ కిందట తపస్కాలానికి (ఈస్టర్‌కు ముందు వచ్చే ఉపవాసకాలానికి) ముందు మా విచారణలో, అంటే మా చర్చి పరిధిలో, ఒక సాయంకాలం ధ్యానం జరిగింది. బోధించిన ఫాదర్‌గారు కొత్త ప్రార్థన ఏదీ నేర్పలేదు. రాత్రి పడుకునే ముందు పది నిమిషాలు ఆత్మపరిశీలన చేసుకోమని, మిగిలినవన్నీ మానినా అది మానవద్దని మాత్రమే చెప్పారు. యేసుసభ అనే సన్యాస సభను స్థాపించిన పునీత ఇగ్నేషియస్ తన సహచరులకు ఇచ్చిన సలహా కూడా దాదాపు ఇదేనన్నారు. మన పల్లెల్లో ఇన్నయ్య, ఇన్నారెడ్డి, ఇన్నాసమ్మ అనే పేర్లు ఆయన పేరు నుంచే వచ్చాయి. జోజి అంటే జోసెఫ్ అయినట్టు, శౌరి అంటే జేవియర్ అయినట్టు ఆ స్పెయిను దేశస్థుడు మన నోట్లో ఇన్నాసి అయ్యాడు. మా తాతగారి పేరు ఇన్నయ్య. ఆ పేరు ఎవరిదో తెలియకుండానే నేను పెరిగాను.

ఆ ఇన్నాసి కథలో నన్ను పట్టుకున్నది ఆయన మంచాన పడిన కాలం. 1521లో పాంప్లోనా కోట దగ్గర యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. నెలల తరబడి మంచం మీద ఉండవలసి వచ్చింది. ఆయనకు ఇష్టమైన వీరుల కథలు ఆ ఇంట్లో దొరకలేదు, క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు మాత్రమే దొరికాయి. పొద్దుపోక ఆయన కొంతసేపు యుద్ధాలను, రాణివాసపు స్త్రీలను ఊహించుకునేవాడు, కొంతసేపు పునీతుల్లా బతకడాన్ని ఊహించుకునేవాడు. రెండూ ఊహించుకునే సమయంలో సంతోషంగానే ఉండేవి. కాని మొదటి రకం ఊహలు పోయాక మనసు ఎండిపోయినట్టు ఉండేది, రెండవ రకం ఊహలు పోయాక కూడా ఆ చల్లదనం చాలాసేపు నిలిచేది. దేవుడు మన రోజులో ఎక్కడ ఉన్నాడో తెలుసుకోవడానికి ఆ తేడాను గమనించడమే దారి అని ఆయనకు అక్కడ అర్థమైంది. ఆత్మపరిశీలనను కేవలం తప్పుల చిట్టాగా భావించేవారికి ఈ సంగతి తెలియాలని నా కోరిక, ఎందుకంటే నేనూ అలాగే భావించాను.

అందులో అయిదు మెట్లు ఉన్నాయి. మొదట ఆ రోజు అందిన మేళ్ళకు కృతజ్ఞత చెప్పాలి. తరువాత నా కళ్ళతో కాక ఆయన వెలుగులో చూడగలిగే వరం అడగాలి. ఆ తరువాత నిద్ర లేచినప్పటి నుంచి జరిగిన రోజును గంట గంటగా నడిచి చూడాలి. నాలుగవది క్షమాపణ అడగడం, అయిదవది రేపటికి ఒక చిన్న నిర్ణయం. నేను లెక్కలు రాసే మనిషిని కనుక మొదటి వారమంతా మొదటి రెండు మెట్లనూ దాటవేసి నేరుగా తప్పులు లెక్కపెట్టడానికి దిగాను. ఫలితం దారుణంగా ఉండేది. నాలుగో రాత్రికే విసుగు, ఆరో రాత్రికి నిద్ర. కృతజ్ఞతతో మొదలుపెట్టాలని ఎందుకు అన్నారో అప్పుడు తెలిసింది. తనను ప్రేమించేవారి ముందు కూర్చున్న మనిషే తన తప్పు ఒప్పుకోగలదు, పోలీసు ముందు కూర్చున్న మనిషి సాకులు వెతుక్కుంటుంది. అందుచేత ఇప్పుడు నేను కృతజ్ఞతకే సగం సమయం ఇస్తాను. మెట్రోలో ఒక అపరిచితురాలు లేచి ఇచ్చిన సీటు, అబ్బాయి అడగకుండానే మంచినీళ్ళ బాటిళ్ళు నింపి పెట్టడం, అన్నం మెత్తబడకుండా దిగడం వంటివి ఒక్కొక్కటిగా పేరుపెట్టి చెప్పుకుంటాను. "అన్నిటికీ వందనాలు ప్రభువా" అని ఒక్క మాటలో చెప్పేస్తే ఆ ప్రార్థన గాలిలో కలిసిపోతుంది.

తపస్కాలం రెండవ ఆదివారం మధ్యాహ్నం ప్రయాణం ఉండడంతో నేను ఎప్పుడూ వెళ్ళే పూజకు కాక ఉదయం ఆరు గంటల పూజకు వెళ్ళాను. సత్ప్రసాదానికి వరుసలో నిలబడినప్పుడు నా ముందు నలుగురి అవతల, లేతనీలం చీర కట్టుకుని, కొంగు తలమీద కప్పుకుని నిలబడిన మనిషి మా ఇంట్లో పని చేసే ఆమె. చేతులు జోడించి, కళ్ళు దించుకుని, ప్రసాదం స్వీకరించి పక్కగా నడిచి వెళ్ళి మోకరించింది. అప్పటికి మూడేళ్ళుగా ఆమె మా ఇంటికి వస్తోంది. హాలులోని తిరుహృదయ పటాన్ని వారానికి రెండుసార్లు తడిగుడ్డతో తుడిచేది ఆమే. ఆమె కతోలికురాలని, మా విచారణలోనే ఉంటుందని, తన జ్ఞానస్నానపు పేరు ఫలానా అని నాకు తెలియదు. నేను ఎప్పుడూ అడగలేదు. బయట కనిపించి పలకరిస్తే నవ్వి, "మీరు ఎనిమిదిన్నర పూజకు వస్తారు గదమ్మా, నాకు అప్పటికి పనులుంటాయి" అంది. నేను ఏ పూజకు వెళ్తానో ఆమెకు మూడేళ్ళుగా తెలుసు.

ఆ రాత్రి మూడవ మెట్టు దగ్గర రోజును నడిచి చూస్తుండగా నాకు ఆమె ముఖానికి ముందు ఒక చప్పుడు గుర్తుకొచ్చింది. మా వంటగది కిటికీకి నల్లరాయి గట్టు ఉంది. ఆ గట్టు మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. రోజూ పదిన్నరకు ఆమెకు టీ పోసేది అందులోనే. తాగాక ఆమె దాన్ని తానే కడిగి, మిగిలిన గిన్నెలతో కలపకుండా, మళ్ళీ ఆ రాతి మీద బోర్లిస్తుంది. అప్పుడు టంగుమని చిన్న చప్పుడు వస్తుంది. కాపురం పెట్టినప్పుడు మా అమ్మ ఇచ్చిన ఆరు గ్లాసుల్లో అది ఒకటి. అడుగున మేకుతో గీసిన గీత ఉంటుంది, మిగిలిన వాటిలో కలిసిపోకుండా అమ్మే గీసి ఇచ్చింది. ఇది నీది, ఇది వేరే అని నేను ఆమెకు నోటితో ఒక్కనాడూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. మొదటి రోజు ఆ గ్లాసులో టీ పోసి గట్టు మీద పెట్టడమే చాలింది.

మా పల్లెలో ఇలాంటి గ్లాసు వసారాలో చూరుకు చెక్కి ఉండేది. గుడి ఒక్కటే, గంట ఒక్కటే, స్వాములవారు ఒక్కరే, కాని దళితవాడ నుంచి వచ్చే కుటుంబాలు కూర్చునే చోటు వేరు, సమాధుల దొడ్డిలో కూడా వరుసలు వేరు. మూడుపూటలా త్రికాల జపం చెప్పే మా నాయనమ్మ, బిచ్చగాడిని ఏనాడూ ఉత్త చేతులతో పంపని మా నాయనమ్మ, ఆ చూరులో గ్లాసును ఏనాడూ ప్రశ్నించలేదు. ఆమె మీద నాకున్న గౌరవం ఈ మాట రాయడం వల్ల తగ్గదు. కాని ఆమె దగ్గర జపమాలతో పాటు ఇది కూడా నేర్చుకున్నానని చెప్పకపోతే నేను అబద్ధమాడినట్టే. పల్లె విడిచి, చదువుకుని, నగరానికి వచ్చినా, ఆ గ్లాసు నా పెళ్ళి సామాన్లతో పాటు నా వెంట వచ్చింది.

సత్ప్రసాదం స్వీకరించే ముందు మనమందరం ఒక ప్రార్థన చెబుతాం, ప్రభువు నా ఇంట అడుగుపెట్టడానికి నేను యోగ్యురాలిని కానని, ఆయన ఒక్క మాట పలికితే నా ఆత్మ స్వస్థత పొందుతుందని. ఇవి కఫర్నాములో ఒక రోమా శతాధిపతి యేసుతో అన్న మాటలు, మత్తయి, లూకా సువార్తల్లో ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పలికానో గాని, ఆ శతాధిపతి ఆ మాటలు ఎవరి కోసం అన్నాడో నేను ఆలోచించలేదు. అతడు తన కోసం రాలేదు, కొడుకు కోసం రాలేదు. తన ఇంట్లో జబ్బుపడిన పనివాడి కోసం వచ్చాడు. మన ఆత్మ స్వస్థత కోసం మార్చి చెప్పుకుంటున్న ఆ వాక్యం మొదట ఒక యజమాని తన పనివాడి కోసం వేడుకున్న వాక్యం. ఆ పనివాడి పడక యేసు అడుగుపెట్టదగినంత దగ్గరలోనే, ఆ ఇంట్లోనే ఉండి ఉండాలి. ఆ రాత్రి ఈ సంగతి తట్టినప్పుడు నేను చాలాసేపు లేవలేకపోయాను. నాలుగవ మెట్టు మీదనే ఆగిపోయాను.

ఆ శనివారం పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఏడాదికి రెండుసార్లు, క్రీస్తు జయంతికి, పాస్కకు ముందు, పెద్ద వరుసలో నిలబడి అరనిమిషంలో ముగించే అలవాటు నాది. కోపపడ్డాను, ప్రార్థన తప్పాను, అబద్ధమాడాను అనే మూడు పాపాలు నాకు ఎప్పుడూ సిద్ధంగా ఉండేవి. ఈసారి గ్లాసు సంగతి చెప్పాను. గురువుగారు నన్ను మందలించలేదు, ఉపన్యాసమూ ఇవ్వలేదు. "ఆ గ్లాసు ఇప్పుడు ఎక్కడుంది?" అని మాత్రమే అడిగారు. గట్టు మీదనే ఉంది. నేను వారం రోజులు ఏడ్చాను గాని గ్లాసును కదపలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెబుతున్నప్పుడే అది నాకు తెలిసింది. ప్రాయశ్చిత్తంగా పరలోక జపం ఒక్కసారి, ఒక్కొక్క మాట దగ్గర ఆగుతూ చెప్పమన్నారు.

నేను రెండో మాట దాటడానికే చాలా సమయం పట్టింది. "పరలోకమందుండెడు మా యొక్క తండ్రీ" అంటాం మనం. నా యొక్క అనము. ఆ "మా"లో ఎవరెవరు ఉన్నారో చూసుకుంటే మిగిలిన జపమంతా బరువెక్కింది. "మా యొద్ద అప్పుపడిన వారిని మేము మన్నించునట్లు" అన్న చోట మళ్ళీ ఆగాను. అప్పుల పద్దు రాసేదాన్ని కనుక ఆ మాట నాకు బాగా తెలుసు. ఆమె నా దగ్గర ఎప్పుడైనా వెయ్యి రూపాయలు బదులు తీసుకుంటే తేదీతో సహా రాసుకునే నేను, ఆమెకు నేను బాకీపడిన మూడేళ్ళను ఏ పుటలోనూ రాసుకోలేదు.

మర్నాడు, అంటే ఆదివారం సాయంత్రం, గ్లాసు తీసి స్టాండులో మిగిలిన అయిదింటి పక్కన పెట్టాను. సోమవారం పదిన్నరకు టీ వేరే గ్లాసులో పోసి, బల్ల దగ్గర కుర్చీ లాగి, కూర్చోమన్నాను. ఆమె కూర్చోలేదు. గట్టు వైపు చూసింది, గ్లాసు అక్కడ లేకపోవడం చూసి, తాను ఏదైనా తప్పు చేసిందేమోనని భయపడింది. "ఏమన్నా అయిందా అమ్మా?" అంది. ఏమీ కాలేదని, ఇన్నాళ్ళూ నేను తప్పు చేశానని, నన్ను క్షమించమని చెప్పాను. ఆమె కంగారుపడి, "అట్లా అనకండమ్మా" అంటూ నిలబడే టీ తాగేసింది. క్షమాపణ అడగడం వల్ల నాకు తేలిక కలిగింది, ఆమెకు ఇబ్బంది కలిగింది. ఈ తేడా కూడా ఆ రాత్రి మూడవ మెట్టు దగ్గరే కనిపించింది.

ఈ విషయంలో శ్రీసభ చెప్పవలసింది చెప్పింది. భారత కతోలిక పీఠాధిపతుల సమాఖ్య 2016 డిసెంబరులో దళితుల సాధికారత కోసం ఒక విధానపత్రం ప్రకటించి, శ్రీసభలోపల వివక్ష ఉందని ఒప్పుకుని, అది పాపమని స్పష్టం చేసింది. 2022 మే 15న పునీతుడిగా ప్రకటించబడిన దేవసహాయం మన దేశపు గృహస్థుల్లో ఆ గౌరవం పొందిన మొదటివాడు. 1712లో పుట్టి, తిరువాన్కూరు రాజ్యంలో పెద్ద కులపు ఉద్యోగిగా ఉండి, జ్ఞానస్నానం పొందాక అన్ని కులాలవారితో సమానంగా మెలిగి, 1752లో ప్రాణం ఇచ్చాడు. ఆయన గురువు కాడు, మఠవాసి కాడు, పెళ్ళయిన మనిషి, కొలువు చేసుకునే మనిషి. 2022లోనే ఆగస్టు 27న హైదరాబాదు అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల అంతోని గారు కార్డినలు అయ్యారు. తెలుగువారిలో తొలి కార్డినలు, దళితుల్లోనూ తొలి కార్డినలు. ఆనాడు మా ఇంట్లో అందరం సంతోషించాం, వాట్సాప్‌లో ఫొటోలు పంపుకున్నాం. ఆ ఫొటో పంపుతున్నప్పుడు ఫోను నా చేతిలో ఉంది, గ్లాసు గట్టు మీద ఉంది.

మిగిలిన అలవాట్ల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అవన్నీ ఈ పది నిమిషాల చుట్టూ మెల్లమెల్లగా చేరినవే. పొద్దున కుక్కరు పొయ్యి మీద ఉండగా ఆ రోజు పూజలో చదివే సువార్త భాగాన్ని రెండుసార్లు చదువుతాను, మొదటిసారి కథ కోసం, రెండవసారి నన్ను ఆపే ఒక్క మాట కోసం. విభూది బుధవారం తరువాతి శుక్రవారం యెషయా గ్రంథం 58వ అధ్యాయం చదువుతారు. ఉపవాసం ఉండి పనివాళ్ళను పీడించేవారిని ప్రవక్త నిలదీసే ఆ భాగాన్ని నేను ఎన్నో ఏళ్ళు శుక్రవారపు కూర గురించి ఆలోచిస్తూ విన్నాను. మధ్యాహ్నం పన్నెండుకు ఫోనులో చిన్న గంట మోగేలా పెట్టుకున్నాను. ఆఫీసులో ఎవరికీ తెలియకుండా, స్క్రీను మీది అంకెల నుంచి కళ్ళు తిప్పి, త్రికాల జపం మనసులో చెప్పుకుంటాను. మా నాయనమ్మ గంటకు ఊరంతా ఆగేది. నా గంటకు నేనొక్కదాన్నే ఆగుతాను, అది కొంచెం దిగులుగానే ఉంటుంది.

రాత్రి జపమాల మాత్రం పూర్తిగా నిలబెట్టలేకపోయాను. పిల్లల పరీక్షలు, ఆయన షిఫ్టులు ఉండగా అయిదు దేవరహస్యాలూ (ఒక్కొక్క దానికి పది పూసలు) చెప్పిద్దామని పట్టుబట్టి రెండు వారాలు ఇంట్లో గొడవ తెచ్చాను. పోట్లాటతో చెప్పించే యాభై పూసల కన్నా అందరూ మనసుపెట్టి చెప్పే పది పూసలు మేలని నా అభిప్రాయం. ఇప్పుడు రోజుకు ఒక్క రహస్యం చెబుతాం. 2002లో జగద్గురువు (పోపు) 2వ జాన్‌పాల్ చేర్చిన వెలుగు దేవరహస్యాలు గురువారం వస్తాయి, అందులో కానా పల్లెలో పెళ్ళి మా అబ్బాయికి ఇష్టం, ద్రాక్షరసం ఎక్కడినుంచి వచ్చిందో విందు పెద్దకు తెలియలేదు గాని నీళ్ళు తోడిన పనివాళ్ళకు తెలుసునని వాడే ఒకరోజు చదివి వినిపించాడు. మన తెలుగు జపాల్లో దేవుణ్ణీ దేవమాతనూ మీరు అని పిలుస్తాం, "ఏలినవారు మీతో ఉన్నారు" అంటాం. ఇంట్లో అందరినీ నువ్వు అనే మా అమ్మాయి, జపంలో మాత్రం ఎందుకు మీరు అంటామని అడిగింది. గౌరవం కోసమని చెప్పాను. "మరి ఆంటీని మనం నువ్వు అంటాం కదా" అంది, పనికి వచ్చే ఆమె గురించి. ఆమె నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. ఆ సంగతీ నేను ఆ తరువాతే తెలుసుకున్నాను. ఇప్పుడు ఇంట్లో నలుగురమూ ఆమెను మీరు అంటున్నాం, నా నోరు మాత్రం హడావుడిలో ఇంకా జారుతూనే ఉంటుంది.

ఇది జరిగి మూడేళ్ళు కావస్తోంది. ఆమె ఇప్పుడు కుర్చీలో కూర్చుని టీ తాగుతుంది, అప్పుడప్పుడు తన కూతురి నర్సింగు చదువు గురించి చెబుతుంది. నెలకు ఒక ఆదివారం నేనే ఆరు గంటల పూజకు వెళ్తాను, పూజలో ఒకరికొకరు సమాధానం (శాంతి) ఇచ్చుకునే వేళ ఆమె పక్కన నిలబడతాను. గీత ఉన్న గ్లాసు ఆరింటిలో కలిసిపోయింది. ఒక్కొక్క రోజు అది నా చేతికే వస్తుంది, ఎత్తి తాగేటప్పుడు వేలికి ఆ గీత తగులుతుంది. కాని ఆమె టీ తాగాక తన గ్లాసును ఈనాటికీ సింకులో వేయదు. తానే రెండుసార్లు సబ్బుతో కడిగి, కాసేపు చేతిలో పట్టుకుని, ఎక్కడ పెట్టాలా అన్నట్టు గట్టు వైపు ఒకసారి చూసి, ఆ తరువాతే స్టాండులో పెడుతుంది. వద్దని చెప్పడానికి నాకు ఇంకా సరైన మాట దొరకలేదు. నిన్న రాత్రి కూడా మూడవ మెట్టు దగ్గర ఆ చూపే కనిపించింది.